బావ దాచిపెట్టిన తప్పు

మా బావను ఆఫీసులో అందరూ భూతద్దం అంటారు. ఎదురుగా కాదు, వెనక. ఎదురుగా అయితే సార్ అంటారు, నవ్వుతారు, తమ కంప్యూటర్ తెర కాస్త పక్కకు తిప్పుకుంటారు. నేను మాత్రం బావా అనే పిలుస్తాను, మా అక్క మొగుడు కాబట్టి. ఆ ఆఫీసులో నాకు ఉద్యోగం వేయించింది కూడా ఆయనే. ఆ సంగతి ఆయన మరిచిపోడు, నన్ను మరిచిపోనివ్వడు.

ఆయన పని తప్పులు పట్టడం. పుట్టుకతో వచ్చిన గుణానికి జీతమిచ్చే చోటు దొరకడం ఎంతమందికి రాసిపెట్టి ఉంటుంది చెప్పండి? మా కంపెనీ తయారుచేసేది ఒక బిల్డ్ టూల్. ప్రోగ్రామర్లు రాసే ఫైళ్లు వేలల్లో ఉంటాయి. వాటిని ఏరి, వరసలో పెట్టి, కలిపి, చివరికి జనం వాడుకునే ఒక్క ప్రోగ్రాముగా చేసిపెట్టే పనిముట్టు అది. పనయ్యాక మిగిలిన చెత్త ఫైళ్లను తుడిచేయడం కూడా దాని బాధ్యతే. ఈ టూల్‌కు ఫైళ్లు తెలిసేది పేర్లతోనే. అందుకని పేరు వంకరగా ఉంటే అదేం చేస్తుందో ముందే చూసుకోవాలి. అది చూసేది మా బావ.

మామూలు మనిషి ఫైలుకు మామూలు పేరు పెట్టుకుంటాడు. మా బావ పెట్టే పేర్లు మనిషన్నవాడు పెట్టేవి కావు. పేరు ముందు ఖాళీ, పేరు వెనక ఖాళీ, మధ్యలో మూడు ఖాళీలు. తెరిచి మూయకుండా వదిలేసిన కొటేషన్ గుర్తు. శాతం గుర్తులు తప్ప ఇంకేమీ లేని పేరు. ఏడుస్తున్న మొహం బొమ్మ ఒక్కటే పేరుగా ఉన్న ఫైలు. సగం ఎడమ నుంచి కుడికీ, సగం కుడి నుంచి ఎడమకీ చదవాల్సిన పేరు. ఇలాంటివి వెయ్యికి పైగా తయారుచేసి టూల్ నోట్లో కుక్కేవాడు. ఎక్కడో ఒకచోట అది మింగలేక ఆగిపోయేది. అప్పుడు బావ కుర్చీలో వెనక్కి వాలి, వేళ్లు విరుచుకుని, "చచ్చింది" అనేవాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూడాలి. పిల్ల పుట్టినప్పుడు కూడా అంత వెలగలేదని మా అక్క అంటుంది.

కంప్యూటర్ల వైపు రాకముందు బావ సైకిల్ ట్యూబుల ఫ్యాక్టరీలో చేశాడు. గాలి నింపిన ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ వస్తే పక్కన పారేయాలి. అంతే పని. బుడగలు ఎక్కువ వచ్చిన రోజు ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చేవాడట. అన్నీ మంచి ట్యూబులే వచ్చిన రోజు మాత్రం చెప్పుల శబ్దం మెట్ల దగ్గరే వినిపించేదట. అప్పుడు అక్క కొత్త పెళ్లికూతురు. ఆ శబ్దాన్ని బట్టే సాయంత్రం ఎలా గడుస్తుందో తెలుసుకోవడం నేర్చుకుంది.

ఇంట్లో కూడా ఆయన టెస్టింగ్ ఆగలేదు. బీరువా తాళంచెవి తనే దాచి, అక్క ఎంతసేపటికి కనుక్కుంటుందో గడియారం చూసుకుంటూ కూర్చునేవాడు. కూతురికి ఎనిమిదేళ్లప్పుడు, తెలియనివాళ్లు ఏమిచ్చినా తీసుకోకూడదని చెప్పి, నెల తిరక్కుండానే ఫ్యాక్టరీలో పాత స్నేహితుణ్ణి చాక్లెట్ ఇచ్చి స్కూలు గేటు దగ్గరకు పంపాడు. పిల్ల తీసుకుంది. ఎనిమిదేళ్ల పిల్ల తీసుకోక ఏం చేస్తుంది? ఆ చాక్లెట్ చేత్తో పట్టించి చీకటి పడేదాకా బాల్కనీలో నిలబెట్టాడు. తినకూడదు, పారేయకూడదు. అది కరిగి మోచేతిదాకా కారింది. ఆ పిల్లకిప్పుడు ఉద్యోగం, వేరే ఊళ్లో కాపురం. ఫోను చేస్తే ముందు "నాన్న ఉన్నారా?" అని అడుగుతుంది. ఉన్నారంటే, మళ్లీ చేస్తానని పెట్టేస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆయన ఎంత చెడ్డవాడో చెప్పి నేను మంచివాణ్ణి అనిపించుకోవడానికి కాదు. కాస్త ఓపిక పడితే నా సంగతి కూడా వస్తుంది.

ఏడాది క్రితం టూల్‌లో ఫైళ్ల పేర్లు చదివే భాగాన్ని మొత్తం తిరగరాయాలనుకున్నారు. దానికోసం ఒకమ్మాయిని తీసుకున్నారు. ఆఫీసులో ఆ అమ్మాయికి కొత్తమ్మాయి అన్న పేరే స్థిరపడింది. జెరాక్స్ షాపులో పనిచేస్తూ చదువుకుందట. ఎవరి కుర్చీ చక్రం ఊడినా తనే వంగి పెట్టేది. ఆరు నెలలు పని చూసి, పదిహేనో తారీఖున మీటింగు పెట్టి, ఉద్యోగం ఖరారు చేస్తామన్నారు. ఒకే షరతు. ఆ రోజుకి తను రాసిన భాగంలో పెద్ద తప్పు ఒక్కటి కూడా సరిచేయకుండా మిగిలి ఉండకూడదు.

ఆ అమ్మాయి నాన్న ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్. మోకాళ్లు అరిగిపోయి, కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. కూతురి ఉద్యోగం ఖరారైతే పదహారో తారీఖు నుంచి మానేస్తానని ఆయన ముందే చెప్పేశాడు. వాళ్లు ఇంకొకతన్ని మాట్లాడుకున్నారు కూడా. "తొందరెందుకు నాన్నా అంటే వినలేదన్నయ్యా. బిల్డింగంతా డప్పు కొట్టొచ్చాడు," అని నాతో చెప్పి నవ్వింది. నేను సిస్టమ్స్ విభాగంలో ఉంటాను. కంప్యూటర్లు బిగించడం, కేబుళ్లు లాగడం, పాడైనవి మార్చడం. అందరి డెస్కుల కిందా దూరేవాణ్ణి కాబట్టి అందరి కష్టసుఖాలూ నా చెవిన పడతాయి.

మొదటి మూడు నెలలూ బావకూ ఆ అమ్మాయికీ బాగానే నడిచింది. ఈయన పేరు మీద పేరు వేసి కొట్టేవాడు, ఆ పిల్ల సాయంత్రానికి సరిచేసేది. ఖాళీలు, కొటేషన్లు, బొమ్మలు అన్నీ అయ్యాయి. బావకు చచ్చింది అనే అవకాశం తగ్గిపోతూ వచ్చింది. ట్యూబులన్నీ మంచివే వస్తున్నాయన్నమాట.

అప్పుడు ఒక మీటింగు జరిగింది. చుక్కతో మొదలయ్యే పేరున్న ఫైలును టూల్ అసలు చూడటమే లేదని, ఇది చాలా పెద్ద తప్పని బావ గోడ మీద తెర వేసి మరీ చూపించాడు. మేనేజరు తల పట్టుకున్నాడు. కొత్తమ్మాయి తెర దగ్గరికి నడిచి, కాసేపు చూసి, మెల్లగా అంది. "సార్, ఫైలు ఈ ఫోల్డర్లో లేదండి. పక్క ఫోల్డర్లో సేవ్ చేశారు."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. ఏళ్ల తరబడి ఆ మనిషి చేతిలో నలిగినవాళ్ల నవ్వు అది, ఒక పట్టాన ఆగలేదు. ఆ పిల్ల ఒక్కతే నవ్వలేదు. "నాకూ చాలాసార్లు అలాగే అవుతుంది సార్," అని సర్దబోయింది. ఆ సర్దడమే ఆమె కొంప ముంచింది. తిట్టినవాణ్ణి బావ మరిచిపోగలడు, జాలిపడినవాళ్లను మరిచిపోడు.

తర్వాతి ఆదివారం నేను అక్కావాళ్లింటికి భోజనానికి వెళ్లాను. బావ స్నానానికి వెళ్లాడు. టేబులు మీద ఆయన స్పైరల్ నోట్‌బుక్కు తెరిచి ఉంది. ఏ తప్పు ఏ రోజు దొరికిందో చేత్తో రాసుకోవడం ఆయన అలవాటు. మామూలుగా పేజీలో రెండు గడులుంటాయి. తప్పేమిటి, ఎప్పుడు దొరికింది. ఆ పేజీలో మూడో గడి ఉంది. ఎప్పుడు ఇవ్వాలి.

"కొత్తపిల్ల. పేరు మధ్యలో కొత్త లైను. నిన్న దొరికింది. ఇవ్వాల్సింది పధ్నాలుగో తారీఖు, సాయంత్రం నాలుగు," అని ఉంది. అంటే ఖరారు మీటింగుకు ముందురోజు. దానికి ఇంకా రెండు నెలలకు పైగా ఉంది.

ఫైలు పేరు మధ్యలో ఎంటర్ కొట్టొచ్చని మీకు తెలుసా? నాకు తెలియదు. కొన్ని కంప్యూటర్లు దొడ్డిదారిన అందుకు ఒప్పుకుంటాయట. టూల్ చెత్త ఫైళ్లను తుడిచే ముందు వాటి పేర్లు లైనుకొకటి చొప్పున ఒక జాబితాలో రాసుకుంటుంది. ఆ తర్వాత ఒక్కో లైను చదువుతూ, ఆ పేరున్నదాన్ని తుడుస్తుంది. పేరు మధ్యలోనే లైను విరిగితే? ఒక పేరు రెండు పేర్లవుతుంది. ఆ రెండో ముక్క పేరుతో ఎవరి అసలు పనైనా పక్కనే ఉందా, అది కూడా చెత్తతో పాటు పోతుంది. ఏడాది కష్టమైనా సరే, చిటికెలో తుడిచిపెట్టుకుపోతుంది.

బావ తల తుడుచుకుంటూ వచ్చి, నేను చదవడం చూశాడు. కోప్పడలేదు. పైగా మురిసిపోయాడు.

"ఎలా ఉంది బామ్మర్దీ?"

"ఇంత పెద్ద తప్పు దొరికితే అదే రోజు రాయాలి కదా బావా? రూల్ అదే కదా?"

"రూల్ నాకు చెబుతున్నావా? ఇవాళ ఇస్తే రేపు సరిచేస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు. పధ్నాలుగున నాలుగింటికి ఇస్తే?" తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "రెండు గంటల్లో ఆ జాబితా మొత్తం తిరగరాయలేదు. పదిహేనున ఏం చెబుతుందో చూద్దాం. పక్క ఫోల్డర్లో ఉందండీ అంటుందేమో."

వంటింట్లోంచి అక్క గిన్నె తెచ్చి టేబులు మీద పెట్టింది. అన్నీ విన్నది. ఏమీ విననట్టు వడ్డించింది. నేను తిన్నాను. బాగుందని కూడా అన్నాను.

రెండు నెలలు నోరు మెదపలేదు. ప్రతిరోజూ ఆ అమ్మాయి డెస్కు పక్క నుంచే నడిచాను. చెబుదామని వెళ్లి, మౌస్ బాగా పనిచేస్తోందా అని అడిగి వచ్చేసిన రోజులు ఎన్నో. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, ఆ గుడ్డ తడిపి అందించినవాణ్ణి నేనే. భయం. ఇంకో పేరు పెట్టను. బావకు కోపమొస్తే నా ఉద్యోగం ఉండదని భయం.

పదో తారీఖున టెస్టింగ్ గదిలో ఒక మానిటర్ మార్చాల్సి వచ్చింది. నాకు నడుము పట్టేసి ఉంది. నేను మెట్ల దగ్గర ఆగి ఆగి మోస్తుంటే కొత్తమ్మాయి చూసి, "ఇటివ్వండన్నయ్యా, మీరు పట్టుకుంటే మానిటరూ పోతుంది, మీరూ పోతారు," అని లాక్కుని, మూడో అంతస్తుదాకా తనే మోసింది. గదిలో ఎవరూ లేరు. బావ డెస్కు మీద దించింది. కేబుల్ మరిచిపోయానని నేను కిందికి వెళ్లి పది నిమిషాలకు వచ్చాను. వచ్చేసరికి కిటికీ దగ్గర నిలబడి ఉంది. అక్కణ్ణుంచి వాళ్ల నాన్న కాపలా కాసే బిల్డింగు వాటర్ ట్యాంకు కనిపిస్తుందట. "ఇంకో అయిదు రోజులేనన్నయ్యా," అంది.

ఆ మాట నన్ను మూడు రోజులు పీక్కుతింది. పదమూడున సాయంత్రం మంచినీళ్ల మిషన్ దగ్గర ఆ అమ్మాయి ఒక్కతే ఉంటే, సీసా నింపుకుంటున్నట్టు నిలబడి, చెవిలో వేశాను.

"పేరు మధ్యలో లైను విరిగితే ఏమవుతుందో చూశావా? చెత్త తుడిచేటప్పుడు?"

ఆ అమ్మాయి సీసా నిండిపోయి నీళ్లు చేతిమీదుగా కారుతున్నాయి. చూసుకోలేదు. "లైనుకొక పేరు... అయ్యో," అంది. ఇంకేమీ అడగలేదు. మూత కూడా పెట్టుకోకుండా పరుగెత్తింది.

మర్నాడు మధ్యాహ్నానికల్లా సరిచేసింది. లైనుతో పని లేకుండా, పేరులో ఎప్పటికీ రాలేని గుర్తు ఒకటి పెట్టి పేర్లను విడదీసిందట. మెట్ల మీద ఎదురై, చెప్పలేనంత సంతోషంగా తలూపి వెళ్లిపోయింది. ఆ రోజు నాకు అన్నం సహించింది. జన్మలో ఒక్క మంచి పని చేశాననుకున్నాను.

నాకు తెలియనిది ఒకటుంది. ఏ తప్పు సరిచేసినా ఎలా సరిచేశారో ఒక చిన్న వివరం రాసి పెట్టాలి. అందులో "గమనించినవారు" అని ఒక గడి ఉంటుంది. అందరూ అక్కడ తమ పేరే రాసుకుంటారు, లేదా పక్కనున్న స్నేహితుడి పేరు రాసి టీ తాగిస్తారు. ఆ గడిని నిజంగా నిజం కోసం వాడిన మనిషి ఆ ఆఫీసు మొత్తానికి ఆ పిల్ల ఒక్కతే. ఇంకొకరు చూసినదాన్ని నేను చూశానని ఎలా రాసుకుంటాను అనుకుంది. సిస్టమ్స్ విభాగంలో నా ఉద్యోగి నంబరు వేసి, పక్కన ధన్యవాదాలు అని కూడా రాసింది.

నాలుగింటికి బావ తన ఫైలు వేశాడు. టూల్ దాన్ని చక్కగా తుడిచి, పక్కదాన్ని ముట్టుకోకుండా ఊరుకుంది. రెండో కంప్యూటర్లో వేశాడు. మూడో దాంట్లో వేశాడు. తర్వాత ఏమేం సరిచేశారో తీసి చదివాడు.

నాలుగున్నరకు నా గదిలోకి వచ్చి, పాత సీపీయూల మధ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నా నోట్‌బుక్కు చేతిరాత బావుందా బామ్మర్దీ?"

నేను చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టాను.

"భయపడకురా. నిన్నేమీ అనను. నేను బయటపెట్టని పరీక్ష ప్రోగ్రామర్ కంట పడకూడదు. పడితే ప్రశ్నపత్రం లీకైనట్టే. అది కూడా రూలే. రేపు మీటింగులో ఆ మాట నేను చెబుతాను. ఎలా లీకయిందని నిన్ను అడుగుతారు."

"రెండు నెలల కిందటే రాసుకున్నావు కదా బావా. అది చూపిస్తే..."

"ఎక్కడుంది? ఆ పేజీ చింపేశాను. పన్నెండో తారీఖు వేసి మళ్లీ రాశాను. స్పైరల్ పుస్తకం, చింపితే తెలియదు." లేచి నిలబడి నా చొక్కా కాలరు సర్దాడు. "పాత పేజీ చూసింది నువ్వొక్కడివే. నువ్వు చెప్పావనుకో, నేను పోతాను, నువ్వూ పోతావు. చెప్పలేదనుకో, ఆ పిల్ల ఒక్కతే పోతుంది. నువ్వే ఆలోచించుకో."

ఇంటికి వెళ్లేసరికి అక్క ఫోను చేసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గొంతు తగ్గించి, గబగబా మాట్లాడింది.

"ఆయన చెప్పారు. ఒరేయ్, తప్పెవరిదో నాకు తెలుసు. ఆ అమ్మాయిది కాదు. కానీ ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టకురా. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా, ఆ తొమ్మిది గంటలే నేను ఊపిరి పీల్చుకునేది. అది కూడా పోతే నేను బతకలేను."

"అక్కా, ఆ అమ్మాయి నాన్న ఉద్యోగం కూడా..."

"నాకు చెప్పకు. వాళ్ల సంగతి నాకు చెప్పకు," అంది. ఫోను పెట్టేసింది.

పదిహేనున గదిలో అయిదుగురం. మేనేజరు, హెచ్‌ఆర్ మేడమ్, బావ, కొత్తమ్మాయి, నేను. ఆ అమ్మాయి ఇస్త్రీ చేసిన డ్రెస్సు వేసుకుని వచ్చింది. ఖరారు కాగితం ఇస్తారనుకుని వచ్చింది. బావ నోట్‌బుక్కు టేబులు మీద పెట్టి, ఎవర్నీ ఒక్క మాట అనకుండా, చాలా బాధపడుతున్నట్టు చెప్పాడు. పన్నెండున దొరికింది, పధ్నాలుగున రాద్దామని పరీక్ష పూర్తిగా తయారుచేస్తున్నాను, ఈలోగా పుస్తకంలో ఉన్నది బయటికి పోయింది అన్నాడు.

మేనేజరు కొత్తమ్మాయి వైపు తిరిగాడు. "ఈ తప్పు నీకెలా తెలిసింది?"

"రాశాను కదండీ. అన్నయ్య చెప్పారు. అన్నయ్యని అడగండి," అంది. ఆ గొంతులో రవ్వంత అనుమానం లేదు. అదే నన్ను ఎక్కువ కోసింది.

హెచ్‌ఆర్ మేడమ్ కళ్లజోడు సవరించుకుని నన్ను చూసింది. "మీరు చెప్పారా?"

నాకు అక్క గుర్తొచ్చిందని చెప్పుకోవచ్చు. వినేవాళ్లు కూడా పాపం అంటారు. కానీ ఆ క్షణంలో అక్క గుర్తు రాలేదు. నా డెస్కు, నా డ్రాయరు, నెలాఖరు గుర్తొచ్చాయి.

"లేదండీ," అన్నాను.

"మరి మీ నంబరు ఎందుకు రాసింది?"

"తెలియదండీ. పదో తారీఖున మానిటర్ మోయడానికి సాయం వచ్చింది. టెస్టింగ్ గదిలో, సార్ డెస్కు దగ్గర ఒక్కతే పది నిమిషాలుంది. నేను కేబుల్ కోసం కిందికి వెళ్లాను. అప్పుడే ఆ పుస్తకం తీసి చూసిందేమో. తర్వాత కూడా వెళ్లిందేమో. పట్టుబడకుండా నా నంబరు వేసి ఉంటుంది."

పదో తారీఖు మాట బావ నేర్పింది కాదు. ఆ మానిటర్ మోసింది ఆ అమ్మాయని ఆయనకు తెలియనే తెలియదు. అది నాకు నేనే కల్పించుకున్నాను. పుస్తకంలో ఉన్న తేదీ పన్నెండు కదా, పదో తారీఖున ఎలా చూస్తుందని ఎవరైనా అడుగుతారేమోనని, తర్వాత కూడా వెళ్లిందేమో అని అతికించింది కూడా నేనే. ఎవరూ అడగలేదు. బావ నా వైపు తిరిగి చూశాడు. ఆ చూపులో మెచ్చుకోలుంది.

కొత్తమ్మాయి ఏడవలేదు. నన్నే చూస్తూ, చిన్నపిల్లకు లెక్క చెబుతున్నంత నెమ్మదిగా అడిగింది.

"అన్నయ్యా, మీకు నడుం నొప్పని నేనే కదా మానిటర్ తీసుకున్నాను?"

"అవును."

"అప్పుడు నేను ఆ పుస్తకం చూశానా?"

"నేను అక్కడ లేను కదమ్మా."

బ్యాగు తీసుకుని, కుర్చీ వెనక్కి జరిపి, మళ్లీ టేబులు కిందికి సరిగ్గా నెట్టి, బయటికి నడిచింది. మేడమ్ కాగితం మీద "నమ్మకద్రోహం" అని రాసుకుంది. ఆ పదం రాస్తుంటే బావ మర్యాదగా తల దించుకున్నాడు.

పదహారున ఆ బిల్డింగు గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ చేరాడు. పాతాయన వారంపాటు రోజూ వచ్చి, ఇంకేదైనా పని ఉంటే చూడమని అక్కడివాళ్లను అడిగేవాడట. తర్వాత రావడం మానేశాడు. మా టీ కొట్టతను చెప్పాడు. నేను అడగలేదు, అతనే చెప్పాడు.

ఆదివారాలు అక్కావాళ్లింటికి వెళ్లడం తగ్గించాను. వెళ్లినా అక్క నా మొహం చూడదు, నేను అక్క మొహం చూడను. బావ మాత్రం ముందుకన్నా ఆదరంగా ఉంటాడు. నా కంచంలో ఇంకాస్త వేయమని పురమాయిస్తాడు.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం నా డెస్కు ఫోను మోగింది. ఎవరో ఆడమనిషి. వేరే కంపెనీ పేరు చెప్పింది. గొంతు మర్యాదగా ఉంది.

"మీ దగ్గర పనిచేసిన ఒకమ్మాయి మా దగ్గర ఇంటర్వ్యూ బాగా చేసిందండీ. మానేసిన కారణం అడిగితే ఏదీ దాచకుండా మొత్తం చెప్పింది. మీ మేనేజరేమో మాట్లాడనన్నారు. తన గురించి చెప్పగలిగినవాళ్లు ఎవరున్నారంటే మీ నంబరిచ్చింది."

"నా నంబరా?"

"అవునండీ. నాకూ ఆశ్చర్యమేసింది. నీకు వ్యతిరేకంగా చెప్పినాయన నంబరు ఎందుకిస్తున్నావమ్మా అని అడిగాను. 'ఆయన చెడ్డవాడు కాదండీ, ఆ గదిలో మాట రాలేదు. బయటివాళ్లు అడిగితే చెబుతారు,' అంది. ఒకే ఒక్క మాట అడుగుతాను. ఆ తప్పు సరిచేసిన ముందురోజు సాయంత్రం దాని గురించి ఆ అమ్మాయికి చెప్పింది మీరేనా? అవునంటే చాలు, మేం తీసుకుంటాం. మీ పేరు ఎక్కడా రాయం."

గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. తలుపు మూసి ఉంది. బావ ఆ రోజు సెలవు. అక్క ఎక్కడో ఇంట్లో ఉంది. అవునండీ అంటే ఎవరికీ ఏమీ కాదు. అయినా ఆ రోజు మీటింగులో లేదన్నవాణ్ణి ఇవాళ అవునంటే, మూడు నెలలుగా నేనేమిటో నేనే ఒప్పుకున్నట్టవుతుంది. అది నావల్ల కాలేదు.

"లేదండీ, నేనేం చెప్పలేదు," అన్నాను. ఆవిడ ఇంకా ఏదో ఆశగా లైన్లోనే ఉంటే, "జాగ్రత్తగా ఉండండి. మనిషి మెత్తగానే కనబడుతుంది, పక్కవాళ్ల పుస్తకాలు చూసే అలవాటుంది," అని నేనే కలిపాను.

"అలాగా. థాంక్సండీ, మంచి మాట చెప్పారు," అంది ఆవిడ.

ఫోను పెట్టేసి, కొత్తగా వచ్చిన మానిటర్లకు నంబరు చీటీలు అతికించడం మొదలుపెట్టాను.